పొడవాటి ఇంగ్లిష్ మాటను సిలబుల్స్‌గా విడగొట్టడం, స్ట్రెస్ పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు గుర్తుల సంగతి. ఈ పేజీలో అడ్డగీత (-) ఒక సిలబుల్ ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటు. పైన ఉండే చిన్న నిలువు గీత (ˈ) దాని వెనకే వచ్చే సిలబుల్ మీద ముఖ్యమైన స్ట్రెస్ (ఊని పలకడం) ఉందని చెబుతుంది. కింద ఉండే గీత (ˌ) అంతకంటే తక్కువ స్థాయి స్ట్రెస్. ఉచ్చారణలు తెలుగు లిపిలో రాశాం కాబట్టి అవి దగ్గరి పోలికలే. విడిగా చెప్పని చోట బ్రిటిష్ పద్ధతి తీసుకున్నాం. చివరి 'ర్' శబ్దాన్ని మాత్రం మనకు అలవాటైనట్టే ఉంచేశాం.

సిలబుల్ అంటే మన అక్షరమేనా?

దగ్గరి చుట్టమే, కానీ ఒకటి కాదు. ఒక అచ్చు శబ్దం, దాన్ని అంటిపెట్టుకున్న హల్లులు కలిస్తే సిలబుల్. తెలుగు రాతలో హల్లులు ఎప్పుడూ తర్వాతి అచ్చుతోనే కలుస్తాయి. 'సత్యం' అని రాసేటప్పుడు 'స', 'త్యం' అని విడిపోతుంది. కానీ పలికి చూడండి, 'సత్-యం' అని వినిపిస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అని ఛందస్సు చెప్పేది ఇందుకే. ఆ త్ బరువు వెనక్కి, 'స' మీద పడుతుంది. గణాలు కట్టడం నేర్చుకున్నవాళ్ళకు ఇంగ్లిష్ సిలబుల్ తేలిగ్గా పట్టుబడుతుంది. లిపిని మాత్రమే చూసేవాళ్ళు తడబడతారు.

ఇంకో తేడా, ఇంగ్లిష్‌లో ఒక్క సిలబుల్‌లో బోలెడన్ని హల్లులు ఇరుక్కుంటాయి. 'స్ట్రెంగ్త్స్' మొత్తం ఒకే సిలబుల్. ముందు మూడు హల్లులు, మధ్యలో ఒకే ఒక్క అచ్చు, వెనక ఇంకో గుంపు.

స్పెల్లింగ్‌లో ఎన్ని అచ్చులుంటే అన్ని సిలబుల్సా?

కాదు. ఎక్కువ తప్పులు ఇక్కడే మొదలవుతాయి. లెక్కపెట్టాల్సింది కంటికి కనిపించే అచ్చులను కాదు, చెవికి వినిపించేవాటిని.

మాట చివరి 'ఇ' అక్షరం చాలాసార్లు పలకదు. 'మేక్' ఒకటే సిలబుల్. భూతకాలపు 'ఎడ్' కూడా అంతే. ముందు ట్ గాని డ్ గాని ఉంటేనే అది విడి సిలబుల్ అవుతుంది. 'వాంటెడ్', 'నీడెడ్' రెండేసి. 'ప్లేడ్', 'స్టాప్ట్', 'ఆస్క్ట్' ఒక్కొక్కటే. 'ఆస్కెడ్' అన్నారంటే లేని సిలబుల్‌ను కలిపినట్టే. 'నేకెడ్', 'వికెడ్', 'సేక్రెడ్' లాంటి కొన్ని విశేషణాలు ఈ సూత్రానికి లొంగవు, అవి రెండేసి సిలబుల్సే.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. 'రిథమ్' స్పెల్లింగ్‌లో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేదు, అయినా రెండు సిలబుల్స్. 'బాటిల్', 'బటన్' మాటల్లో రెండో సిలబుల్‌కు చాలామంది అసలు అచ్చే పలకరు. ల్, న్ శబ్దాలే అచ్చు పని చేసేస్తాయి.

వాడుకలో నలిగిపోయిన మాటలను విడిగా గుర్తుపెట్టుకోవాలి. 'కంఫర్టబుల్' మనం నాలుగుగా అంటాం, మామూలుగా వినిపించేది మూడే: ˈకంఫ్-ట-బుల్. కూరగాయల మాటా అంతే, ˈవెజ్-ట-బుల్. ˈటెంప్-ర-చర్ మూడు, ˈచాక్-లట్ రెండు, ˈవెన్జ్-డే రెండు.

చప్పట్లు కొట్టి లెక్కపెట్టడం, గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం పనికొస్తాయా?

పనికొస్తాయి, ఒక షరతు మీద. చప్పట్లు మీరు పలికినదాన్ని లెక్కపెడతాయి, ఇంగ్లిష్ వాళ్ళు పలికేదాన్ని కాదు. 'బస్సు' అని పలికి రెండు చప్పట్లు కొడితే తప్పు చప్పట్లది కాదు. అసలు మాట 'బస్', ఒకటే. కారు, పెన్ను, రోడ్డు అన్నీ ఇదే వరస. తెలుగులో మాట సాధారణంగా అచ్చుతో ముగియాలి కాబట్టి చివర ఒక 'ఉ' తగిలించేస్తాం. కొందరు ముందు కూడా తగిలిస్తారు: 'ఇస్కూలు'. అసలు ఒక సిలబుల్ మాట మన నోట్లో మూడైంది.

గడ్డం పద్ధతిలో దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్. 'బాటిల్' లాంటి మాటల్లో మాత్రం రెండోసారి దవడ సరిగ్గా కదలదు, ఒకటి తక్కువ వస్తుంది.

రెండు అచ్చుల మధ్య హల్లులు గుంపుగా ఉంటే ఎక్కడ కోయాలి?

కుడివైపు అచ్చుకు వీలైనన్ని హల్లులు ఇవ్వండి. కాకపోతే ఆ హల్లుల గుంపుతో ఇంగ్లిష్‌లో ఒక మాట మొదలవ్వగలగాలి. 'ఇన్‌స్ట్రుమెంట్' చూడండి. మధ్యలో న్, స్, ట్, ర్ నాలుగున్నాయి. 'న్‌స్ట్ర' అని మొదలయ్యే ఇంగ్లిష్ మాట లేదు. 'స్ట్ర' అని మొదలయ్యేవి ఉన్నాయి, 'స్ట్రీట్' ఉంది కదా. అందుకే ˈఇన్-స్ట్రు-మంట్. 'ఎక్స్‌ట్రా' కూడా ఇలాగే ˈఎక్-స్ట్ర అవుతుంది. 'అట్లాస్' మాత్రం అట్ దగ్గర తెగుతుంది, ఎందుకంటే 'ట్ల' శబ్దంతో మొదలయ్యే ఇంగ్లిష్ మాట లేదు.

ఒక్కటే హల్లు ఉండి, దాని ముందు స్ట్రెస్ ఉన్న పొట్టి అచ్చు ఉంటే పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 'లెమన్' మాటను లె-మన్ అనాలా, లెమ్-అన్ అనాలా? హల్లు కుడివైపుకే పోవాలని ఒక వర్గం, పొట్టి అచ్చు ఇంగ్లిష్‌లో ఒంటరిగా నిలబడదని ఇంకో వర్గం. సంఖ్యలో గాని, స్ట్రెస్‌లో గాని తేడా రాదు కాబట్టి దీని కోసం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఈ పేజీలో మొదటి పద్ధతి పాటించాం.

డిక్షనరీలో మాట మధ్య చుక్కలు ఒకచోట ఉన్నాయి, ఉచ్చారణలో గీతలు ఇంకోచోట ఉన్నాయి. ఏది నమ్మాలి?

రెండూ నమ్మాలి, వేర్వేరు పనులకు. ప్రధాన పదంలో ఉండే చుక్కలు ముద్రణకు సంబంధించినవి. లైను చివర చోటు చాలకపోతే మాటను ఎక్కడ విరవచ్చో చెబుతాయి. ఒక్క అక్షరాన్ని లైను చివర ఒంటరిగా వదలకూడదు కాబట్టి 'అబౌట్' మాటకు చుక్క ఉండకపోవచ్చు, అయినా అది రెండు సిలబుల్స్. సిలబుల్స్ కావాలంటే పక్కనున్న ఉచ్చారణ చూడండి.

లైను విరుపులో దేశాల మధ్య కూడా తేడా ఉంది. 'నాలెడ్జ్' మాటలో 'ఎల్' అక్షరాన్ని అమెరికా పద్ధతి పై లైనులో ఉంచుతుంది, ఎందుకంటే వాళ్ళు ఉచ్చారణ వెంట పోతారు. పాత బ్రిటిష్ పద్ధతి దాన్ని కింది లైనుకు పంపుతుంది. వాళ్ళు 'నో' అనే అసలు మాటను చెక్కుచెదరకుండా ఉంచుతారు.

కంప్యూటర్ ఈ పనిని అక్షరాల వరసలు చూసి చేస్తుంది. 1983లో స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్‌లిన్ లియాంగ్ పుస్తకాల పేజీలు కూర్చే 'టెక్' (TeX) అనే సాఫ్ట్‌వేర్ కోసం తయారుచేసిన పద్ధతిలో 4,447 అక్షరాల నమూనాలు ఉన్నాయి. అవి ఒక పాకెట్ నిఘంటువులోని విరుపుల్లో దాదాపు 89 శాతం పట్టుకున్నాయి. ఇలాంటి యంత్రానికి 'రికార్డ్' లాంటి మాట చిక్కే. నామవాచకమైతే ఒకచోట, క్రియ అయితే ఇంకోచోట విరుగుతుంది. అక్షరాలు మాత్రం అవే.

స్ట్రెస్ అంటే గట్టిగా అరవడమేనా? 'ఒత్తు' అనకూడదా?

'ఒత్తు' అంటే తెలుగు చదివినవాళ్ళకు క్కలో రెండో 'క' గుర్తొస్తుంది. అందుకే 'స్ట్రెస్' అనే ఉంచాం. 'ఊనిక' అన్నా బాగానే ఉంటుంది.

గట్టిదనం అందులో ఒక పాలు మాత్రమే. స్ట్రెస్ ఉన్న సిలబుల్ కాస్త సాగుతుంది, స్వరం పైకో కిందికో కదులుతుంది, అచ్చు పూర్తిగా, స్పష్టంగా పలుకుతుంది. మాట మొదట్లోనో, స్ట్రెస్ ఉన్న సిలబుల్ మొదట్లోనో ప్, ట్, క్ ఉంటే వాటి వెనక గాలి కూడా వస్తుంది. 'హోటెల్' మాటలో ఇంగ్లిష్ వాళ్ళు పలికే ట మన చెవికి సగం ఠలా తగులుతుంది. ముందు 'స్' ఉంటే ఆ గాలి రాదు, 'స్టేషన్' మాటలో ట మామూలు ట.

స్ట్రెస్ లేని సిలబుల్స్‌కు జరిగేది ఇంకా ముఖ్యం. వాటి అచ్చులు నలిగిపోతాయి. స్పెల్లింగ్ ఎలా ఉన్నా చాలావరకు ఒకే శబ్దంగా మిగులుతాయి. నాలుక ఎటూ పోకుండా, నోరు సగం తెరిచి వదిలే పొట్టి 'అ' లాంటిది అది. డిక్షనరీల్లో తలకిందులైన చిన్న 'ఇ' అక్షరంతో చూపేది దీన్నే. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించే అచ్చు ఇదే, కానీ దీనికంటూ వర్ణమాలలో అక్షరం లేదు. మన లిపి ప్రతి అచ్చుకూ పూర్తి కూలి ఇచ్చే లిపి. అందుకని మనకు స్ట్రెస్ పెట్టడం కంటే మిగతావాటిని నలపడమే కష్టం. ఊనాల్సిన చోట గట్టిగా ఊని, మిగతావన్నీ కూడా నిండుగా పలికితే స్ట్రెస్ వినిపించదు.

పొడవాటి మాటలో స్ట్రెస్ ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

తల కాదు, తోక చూడండి.

'షన్' తోక ఉంటే దాని ముందు సిలబుల్ మీద స్ట్రెస్: ˌఎ-డ్యు-ˈకే-షన్, క-ˌమ్యూ-ని-ˈకే-షన్. 'టెలివిజన్' పేరుమోసిన మినహాయింపు, అది మొదట్లోనే: ˈటె-లి-వి-జన్.

'ఇక్', 'ఇకల్' తోకలకూ వెంటనే ముందున్నదే: ˌఈ-క-ˈనా-మిక్. దీనికి లొంగనివి కొన్ని ఉన్నాయి, అన్నీ బాగా వాడే మాటలే. ˈఅరబిక్, ˈపాలిటిక్స్, ˈక్యాథలిక్, ˈలూనటిక్, ˈరెటరిక్. నామవాచకంగా 'అరిథ్మెటిక్' కూడా రెండో సిలబుల్ మీదే.

'ఇటీ' కూడా అంతే: ఇ-ˌలెక్-ˈట్రి-స-టి. 'లజీ', 'గ్రఫీ', 'క్రసీ', 'నమీ' తోకలుంటే చివరి నుంచి మూడోది: డి-ˈమా-క్ర-సి. కొలత పరికరాల 'మీటర్' కూడా ఈ గుంపే. థర్మామీటర్, స్పీడోమీటర్, బరామీటర్ అన్నిటికీ 'మీటర్' ముందు సిలబుల్ మీద పడుతుంది. 'మీటర్' అనే భాగం నలిగి 'మిటర్' అవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రోజూ అనే 'పారామీటర్' అసలు ప-ˈరా-మి-టర్.

'ఏట్' అని ముగిసే పొడవాటి క్రియలకు చివరి నుంచి మూడోది: ˈసె-ల-బ్రేట్, క-ˈమ్యూ-ని-కేట్. అదే తోక నామవాచకానికో విశేషణానికో ఉంటే 'ఏట్' నలిగి 'అట్' అవుతుంది. 'సర్టిఫికేట్' చేతిలో పెట్టే కాగితమైతే సర్-ˈటి-ఫి-కట్.

కొన్ని తోకలు స్ట్రెస్‌ను తమ మీదికే లాక్కుంటాయి: ˌఎన్-జి-ˈనీర్, ˌవా-లన్-ˈటీర్, ˌరె-ఫ్యు-ˈజీ, ˌజా-ప-ˈనీజ్. 'కమిటీ' ఈ గుంపులో చేరదు, క-ˈమి-టి.

ఇక మెంట్, నెస్, ఫుల్, లెస్, లీ, ఇంగ్, అబుల్ లాంటివి సాధారణంగా దేన్నీ కదపవు. 'డెవలప్' రెండో సిలబుల్ మీద ఉంది కాబట్టి 'డెవలప్‌మెంట్' కూడా రెండో దాని మీదే.

ఒక మాటను మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించండి.

సాఫ్ట్‌వేర్‌లో 'ఐ18ఎన్' అని కురచ చేసి రాసే 'ఇంటర్నేషనలైజేషన్' తీసుకుందాం. ఐకీ ఎన్‌కీ మధ్య 18 అక్షరాలున్నాయని ఆ కురచ పేరు. మొత్తం 20.

దీన్ని ఉల్లిపాయలా లోపలి నుంచి పొర మీద పొర కట్టండి. నడిమి మాట ˈనే-షన్. 'అల్' చేరితే ˈనా-ష-నల్. స్ట్రెస్ కదల్లేదు, అచ్చు మాత్రం మారింది. ముందు 'ఇంటర్' చేరితే ˌఇన్-టర్-ˈనా-ష-నల్. 'ఐజ్' తోక దేన్నీ కదపదు: ˌఇన్-టర్-ˈనా-ష-న-లైజ్. ఆఖరున 'ఏషన్' వచ్చిందంటే 'షన్' సూత్రం పనిచేస్తుంది, ముఖ్యమైన స్ట్రెస్ 'జే' మీదికి పోతుంది. అంతకుముందు రాజుగా ఉన్న 'నా' రెండో స్థాయికి దిగుతుంది.

ˌఇన్-టర్-ˌనా-ష-న-లై-ˈజే-షన్. ఎనిమిది. వేగంగా మాట్లాడేటప్పుడు 'ష-న' రెండూ 'ష్న' అయిపోయి ఏడే వినిపించవచ్చు. రెండూ సరైనవే.

పొరలు కట్టకుండా ఎడమ నుంచి చదువుకుంటూ పోతే నాలుగో సిలబుల్ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, చివర అసలైన స్ట్రెస్‌కు ఏమీ మిగలదు.

రెండో స్థాయి స్ట్రెస్ తప్పనిసరా?

ముఖ్యమైనది మూడో సిలబుల్ మీదో ఇంకా వెనకో ఉంటే, మొదటి రెండింటిలో ఒకటి సాధారణంగా రెండో స్థాయి తీసుకుంటుంది: రి-ˌస్పాన్-స-ˈబి-ల-టి, ˌకా-రక్-ట-ˈరిస్-టిక్. బలమైన రెండు చోట్ల మధ్య ఒక బలహీనమైనది ఉంటే మాట ఊగుతూ నడుస్తుంది. దీన్ని వదిలేసినా అర్థం పోదు. ముఖ్యమైనదాన్ని తప్పితేనే పోతుంది.

ఒకే కుటుంబంలో మాటలకు స్ట్రెస్ ఎందుకు అటూ ఇటూ గెంతుతుంది?

ఒక్కో మాట తన తోక మాటే వింటుంది, అన్నదమ్ముల మాట వినదు. ˈఫో-ట-గ్రాఫ్, ఫ-ˈటా-గ్ర-ఫి, ˌఫో-ట-ˈగ్రా-ఫిక్. మూడింటిలోనూ 'ట' చూడండి, స్ట్రెస్ పడిన చోట 'టా' అని తేలింది, మిగతాచోట్ల నలిగింది. ˈయా-న-లిస్ట్, అ-ˈనా-ల-సిస్, ˌయా-న-ˈలి-టి-కల్ కూడా ఇంతే.

కుటుంబం వల్ల మోసపోయే మాట 'మెకానిజం'. మి-ˈకా-నిక్ నోట్లో నానుతూ ఉంటుంది కాబట్టి ఇక్కడా 'కా' సాగదీస్తాం. అసలు ˈమె-క-ని-జమ్. ఇంకొకటి 'ప్రొనన్సియేషన్'. క్రియలో 'నౌన్' ఉంది గాని, ఇందులో లేదు: ప్ర-ˌనన్-సి-ˈఏ-షన్.

నామవాచకమైతే ముందు, క్రియ అయితే వెనక అంటారు. ఎప్పుడూ నిజమేనా?

రెండు సిలబుల్స్ మాటల్లో చాలావాటికి నిజం. రికార్డ్, ప్రెజెంట్, అబ్జెక్ట్, పర్మిట్, ఇంపోర్ట్ ఈ జాతివే. 'రిపోర్ట్', 'రెస్పెక్ట్' ఏ పనిలోనైనా వెనకే. 'ఆన్సర్', 'విజిట్' ఎప్పుడూ ముందే. కొత్త జంటను చూస్తే డిక్షనరీ తెరవకుండా ఊహించకండి.

బ్రిటిష్‌లో ఒకటి, అమెరికన్‌లో ఒకటి ఉంటే ఏది రాయాలి?

పరీక్షకైతే మీ పాఠ్యపుస్తకం ఏది పాటిస్తే అది. 'అడ్వర్టైజ్‌మెంట్' బ్రిటిష్‌లో అడ్-ˈవర్-టిస్-మంట్, అమెరికాలో ˌఆడ్-వర్-ˈటైజ్-మంట్. 'లాబొరేటరీ' బ్రిటిష్‌లో ల-ˈబా-ర-ట్రి, అమెరికాలో ˈలాబ్-ర-ˌటో-రి. 'గరాజ్' బ్రిటన్‌లో మొదటిదాని మీద, అమెరికాలో రెండోదాని మీద. కలిపి కొట్టకండి, అదొక్కటే ఇబ్బంది.

జవాబు పత్రంలో స్ట్రెస్ గీతను అచ్చు నెత్తిన కాదు, సిలబుల్ మొదలయ్యే ముందు పెట్టాలి. కొన్ని అమెరికన్ నిఘంటువులు సిలబుల్ తర్వాత పెడతాయి. మీ డిక్షనరీ ముందుమాటలో గుర్తుల పట్టిక చూశాకే ఎత్తి రాయండి. లేకపోతే ప్రతి జవాబూ ఒక సిలబుల్ పక్కకు జరుగుతుంది.

తెలుగువాళ్ళం ఎక్కువగా తప్పేవి ఏవి? దానివల్ల నష్టమేంటి?

'హోటల్' (హో-ˈటెల్), 'డెవలప్‌మెంట్' (డి-ˈవె-లప్-మంట్), 'ఈవెంట్' (ఇ-ˈవెంట్), 'కాంపొనెంట్' (కమ్-ˈపో-నంట్), 'పోలీస్' (ప-ˈలీస్). మొదటి సిలబుల్‌ను నిండుగా పలకడం వీటన్నిటికీ ఉన్న జబ్బు. తెలుగులో మాట్లాడేటప్పుడు 'హోటల్' తప్పేమీ కాదు, అది తెలుగు మాటైపోయింది. ఇంగ్లిష్ వాక్యంలోకి అదే తీసుకెళ్తేనే చిక్కు.

ఇంగ్లిష్ వాళ్ళ చెవి స్ట్రెస్ ఉన్న సిలబుల్‌ను పట్టుకుని మాటను వెతుక్కుంటుంది. అది తప్పు చోట పడితే శబ్దాలన్నీ సరిగ్గా ఉన్నా ఇంకేదో మాట కోసం వెతుకుతారు. 1969లో హైదరాబాద్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ప్రచురించిన ఆర్.కె. బన్సల్ అధ్యయనం కూడా భారతీయుల ఇంగ్లిష్ అర్థం కాకపోవడానికి కారణాల్లో తప్పు స్ట్రెస్‌ను లెక్కించింది. ఆ సంస్థే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ).

ఫోన్లో థర్టీన్ అంటే థర్టీ అని రాసుకుంటున్నారు. ఎందుకు?

థర్-ˈటీన్, ˈథర్-టి. రెండింటికీ మొదట్లోనే ఊనితే తేడా చివరి 'న్' ఒక్కటే, అది ఫోన్లో సరిగ్గా వినిపించదు. కాకపోతే, వెనకే ఇంకో మాట వస్తే ఇంగ్లిష్ వాళ్ళు కూడా స్ట్రెస్ ముందుకు జరుపుతారు: ˈథర్టీన్ ˈబుక్స్. అప్పుడు 'టీ' పొడవే దిక్కు. డబ్బు వ్యవహారమైతే 'వన్ త్రీ' అని అంకెలు విడిగా చెప్పండి.

45 అక్షరాల మాటకు కూడా ఈ సూత్రాలు పనిచేస్తాయా?

భేషుగ్గా. న్యుమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వాల్కనో-కోనియోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పేరును 1935లో అమెరికా జాతీయ పజిలర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే పుట్టించాడు. 19 సిలబుల్స్. తోక 'ఓసిస్'. ఆ తోకకు 'ఓ' మీదే స్ట్రెస్, 'డయాగ్నోసిస్' లాగే. ముందున్న ముక్కలను విడి మాటల్లా చదివి, ఊపిరిని చివరి 'ఓ' దాకా దాచుకుంటే సరి.

రోజూ ఎలా సాధన చేయాలి?

రోజుకు ఐదు మాటలు చాలు. ఒక్కో మాటకు ముందు డిక్షనరీలో గీత చూడండి, ఆడియో వినండి. తర్వాత మాట అనకుండా మూసిన నోటితో దాని లయ మాత్రమే హమ్ చేయండి: 'రెస్పాన్సిబిలిటీ'కి మ-మ్మ్-మ-మ్మ్మ్-మ-మ. రెండు చేతుల మధ్య రబ్బరు బ్యాండు పట్టుకుని ముఖ్యమైన సిలబుల్ దగ్గర మాత్రమే సాగదీస్తూ పలకండి. పొడవు ఎక్కడ రావాలో చేతికి తెలుస్తుంది. చివరగా ఫోన్లో రికార్డు చేసుకుని, మీ మాటను, ఆడియోలోని మాటను వెంటవెంటనే వినండి. బలమైన చోటు సరిగ్గానే ఉన్నా తేడా వినిపిస్తుంటే, మిగతా అచ్చులను ఇంకా నలపలేదన్నమాట.